ముప్పై దాటని ముల్లు

నేను మెదక్ వచ్చిన రెండో ఏడు మా దవఖానాకు ఒక పాత జీపు వచ్చింది. మాది సర్కారు దవఖానా కాదు. ఊళ్లో ఒక పెద్ద డాక్టరు తన ఇంటి ముందు భాగంలో పెట్టుకున్న ఎనిమిది మంచాల కాన్పుల దవఖానా. ఆయనకు వయసు మీదపడి చేతులు వణకడం మొదలయ్యాక, కాన్పులు చూడడానికి ఒక లేడీ డాక్టరు కావాలని వాకబు చేసి కోస్తా నుంచి నన్ను పిలిపించుకున్నాడు. అరవైల మొదట్లో మాట. నాకప్పుడు ముప్పై నిండలేదు. పగలు కాన్పులు, మధ్యలో పల్లెల నుంచి వచ్చే కబుర్లు, వేడినీళ్లలో ఉడికి ఉడికి తెల్లబడిన చేతులు. అలసట అనేది పని వల్ల వస్తుందనీ, పడుకుంటే పోతుందనీ అప్పటిదాకా అనుకునేదాన్ని. మెదక్‌లో అది నాతోపాటే లేచి, నాతోపాటే జడ వేసుకునేది.

జీపు ముందు సైన్యానిది. వేలంలో ఒక రోడ్ల కంట్రాక్టరు కొన్నాడు. నాలుగేళ్లు కంకర గుట్టల చుట్టూ తిప్పి, ఇంక దాంతో పనిలేదనుకున్నాక మా పెద్ద డాక్టరుకు అమ్మాడు. వెనక సీట్లు పీకేసి మనిషి పడుకునేటట్టు ఒక చెక్కబల్ల బిగించారు. పైన టార్పాలిన్ కప్పారు. అది గాలికి కొట్టుకుంటూనే ఉండేది. వేగం చూపించే మీటరు ఆ బండిలో డ్రైవరు ఎదురుగా కాకుండా మధ్యలో ఉండేది. పక్కన కూర్చున్న నాకూ ముల్లు బాగా కనిపించేది.

దాన్ని నడపడానికి దొరికిన మనిషి నిజాం కాలం నుంచి బస్సులూ లారీలూ నడిపినవాడు. అరవైకి దగ్గరపడ్డాడు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, చేతికి ఎప్పుడూ ఆయిలు మరక. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఊరంతా ఆయన్ని డ్రైవర్ సాబ్ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

మొదటి నెలలోనే ఎల్దుర్తి దారిలో ఒక బర్రె అడ్డం వచ్చింది. ఆయన బండిని పక్కకు తిప్పాడు. జీపు సడక్ దిగి జారిపోయి చిన్న కాలువలో వాలింది. వెనక బల్ల మీద నెలలు నిండిన మనిషి ఉంది. ఆమె బల్ల మీంచి కిందికి జారి, పొట్ట పట్టుకుని అరిచిన అరుపు చాలాకాలం నా చెవిలో ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. రెండు రోజుల తర్వాత ఆమెకు సుఖంగా కాన్పయింది కూడా. కానీ బర్రె కనిపించడానికి ఒక్క క్షణం ముందు నేను ముల్లు వైపు చూశాను. అది నలభై ఐదు మైళ్ల దగ్గర ఉంది.

మర్నాడు నేనొక నియమం పెట్టాను. ముల్లు ముప్పై దాటకూడదు. వెనక నిండు చూలాలు ఉంటే ఇరవై ఐదు దాటకూడదు. డ్రైవర్ సాబ్ తల ఊపి "సరేనమ్మా" అన్నాడు.

నియమం పెట్టిన తర్వాత మేము ఎక్కడికి పోయినా ఆలస్యమే. కౌడిపల్లికి పోతే, "మీకోసం చూసి చూసి ఇంట్లనే కానిచ్చినం" అనేవాళ్లు. మా ఆయమ్మ, అంటే దవఖానాలో నాతోపాటు కాన్పులకు నిలబడే ఆమె, ఒకరోజు గుడ్డలు పిండుతూ అంది: "డాక్టరమ్మా, ఊళ్ల జనం ఏమంటున్నరో ఎరికేనా? గీ జీపు కన్న మా కచ్చరం నయం అంటున్నరు. ఎడ్లు గూడ మనల దాటిపోతయట." నేను నవ్వలేదు. ఎడ్లబండి దాటిపోవడం మాటవరసకే అయినా, సైకిలు మీద పోయే ఒకడు దిగుడులో కొంతసేపు మాతో సమానంగా రావడం నేనూ చూశాను. ఎదురుగాలి అనుకున్నాను. పాత ఇంజను అనుకున్నాను. ముల్లు ముప్పై చూపిస్తూనే ఉంది కదా.

డ్రైవర్ సాబ్ ఒకరోజు నోరు విప్పాడు. ఇద్దరమే తిరిగి వస్తున్నాం.

"అమ్మా, ఒక్క మాట చెప్త, గుస్స కావద్దు. గీ ముల్లు ఝూటా చెప్తున్నది. బండి గంత ఉరుకుతలేదు."

"మీకెలా తెలుసు?"

"ముప్పై ఏండ్లు నడిపిన. ఇంజను ఆవాజు ఎరికే. కాలు కింద ఎంత ఉన్నదో కాలుకు ఎరికే. గిది ముప్పై కాదమ్మా. ఇరవై, ఇరవై రెండు. గంతే."

నేను చదివింది థర్మామీటరును నమ్మే చదువు. ఒంటిమీద చెయ్యి వేసి జ్వరం లేదనే ముసలమ్మలతో రోజూ పోట్లాడేదాన్ని. అదీకాక మనసులో ఇంకో అనుమానం ఉంది, ఒప్పుకోవాలి. బస్సులు తోలి అలవాటైనవాడు, వేగం కావాలి, ఈ ఆడమనిషి పెట్టిన నియమం నచ్చలేదు, అందుకే మీటరు మీద నెపం పెడుతున్నాడు అనుకున్నాను. పైగా నేను ఈ ప్రాంతం దాన్ని కాను. ఇక్కడి వాళ్లు నన్ను ఎక్కడ ఏమారుస్తారో అనే జాగ్రత్త ఒకటి మొదటి నుంచీ నాలో ఉండేది. అలా ఎవరూ ఎప్పుడూ ఏమార్చలేదు. అయినా ఉండేది.

"మీటరు అబద్ధం చెప్తుందో మీ చెవి అబద్ధం చెప్తుందో ఎవరికి తెలుసు?" అన్నాను.

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వానాకాలం చివర్లో ఒకరోజు మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చోబోతుంటే ఒక రైతు సైకిలు మీద వచ్చాడు. కుల్చారం దాటి, సడక్ దిగి మట్టిదారిలో ఇంకో మూడు మైళ్లు లోపలికి ఉన్న పల్లె అతనిది. చొక్కా అంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. భార్యకు తెల్లవారుజాము నుంచి నొప్పులు వస్తున్నాయి. రెండో కాన్పు. మొదటిది తొందరగానే అయింది, ఇది కావడం లేదు. ఊళ్లో మంత్రసాని ఇంక తన వల్ల కాదంది. సైకిలును టార్పాలిన్ పక్కన కట్టేసి అతన్ని వెనక బల్ల మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాం. ఆయమ్మ సామాను పెట్టె ఒళ్లో పెట్టుకుంది.

ఊరు దాటగానే డ్రైవర్ సాబ్ బండిని వదిలాడు. ముల్లు ముప్పై దాటింది, నలభై దాటింది. వాన వెలిసిన సడక్ నల్లగా మెరుస్తోంది. పక్కన కాలువల నిండా నీళ్లు. నాకు ఆ బర్రె, ఆ అరుపు గుర్తుకొచ్చాయి.

"తగ్గించండి," అన్నాను.

ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. "అమ్మా, ఖాళీ సడక్."

"ముప్పై అన్నాను కదా. మనమే కాలువలో పడితే ఆమె దగ్గరికి ఎవరు పోతారు?"

కాలు ఎత్తాడు. ముల్లు నెమ్మదిగా ముప్పైకి దిగివచ్చింది. అక్కడే నిలిచింది. వెనక్కి తిరిగి రైతుతో, "ఇంకెంత, పావుగంటలో సడక్ దిగుతాం," అన్నాను. ముల్లును చూసి లెక్కగట్టి చెప్పిన మాట అది. పావుగంట అయింది. మేమింకా సడక్ మీదే ఉన్నాం.

మేము గుడిసెలోకి వెళ్లేసరికి ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. ఉమ్మనీరు పోయి, బిడ్డ కంటే ముందు బొడ్డుతాడు జారి బయటికి వచ్చేసింది. వేళ్లతో పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. కొట్టుకోవడం లేదు.

మంత్రసాని నా మొహంలోకి చూస్తూ అంది: "గిప్పటిదాంక కొట్టుకున్నదమ్మా. నేను చెయ్యి పెట్టుకునే కూసున్న. గీ జీపు చప్పుడు ఇనవడ్డంక గూడ కొట్టుకున్నది."

బిడ్డ వచ్చే దారి పూర్తిగా తెరుచుకునే ఉంది. ఫోర్‌సెప్స్ వేసి రెండు మూడు నిమిషాల్లో బిడ్డను తీశాను. మగపిల్లవాడు. బరువైన, నిండైన పిల్లవాడు. ఆయమ్మా నేనూ అరగంట సేపు ఊపిరి ఊదాం, రుద్దాం, వేడినీళ్లలో చన్నీళ్లలో ముంచాం. లాభం లేకపోయింది. తల్లికి రక్తం ఎక్కువ పోకుండా చూసుకుని, గుడ్డలు మార్చి, ఇంజెక్షన్ వేసి బయటికి వచ్చాను. రైతు వేపచెట్టు కింద సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనికి చెప్పాను. అతను సైకిలు స్టాండు వేశాడు, మళ్లీ తీశాడు.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవర్ సాబ్ ముల్లును ఇరవై ఐదు మీద పెట్టి నడిపాడు. నేను చెప్పలేదు.

మర్నాడు ఉదయం ఓపీ చూసేముందు ఆయన వచ్చి జీపు తాళాలు నా బల్ల మీద పెట్టాడు.

"వేరేటోన్ని పెట్టుకోండ్రి అమ్మా. ముల్లు చూసి నడిపేటోన్ని."

పోవద్దని చెప్పడానికి కూడా ఓపిక లేదు నాకు.

"పోయేముందు ఒక్కటి అడుగుత," అన్నాడు. "ఐతారం నాడు మీ చేతి గడియారం తీస్కొని నాతోని ఒక్క గంట రాండ్రి. మీరే లెక్క చూడుండ్రి. నా ముచ్చట తప్పయితే మాఫ్ చెయ్యమని అడిగి పోత."

ఆదివారం పొద్దున ముందు నా గడియారం సంగతి చూసుకున్నాను. రేడియోలో వార్తలకు ముందు వచ్చే చప్పుడుతో ముందురోజు కలిపి పెట్టాను, ఆ పొద్దున మళ్లీ చూశాను. సెకను కూడా తేడా లేదు. ఇంత జాగ్రత్త మీటరు విషయంలో ఎందుకు పడలేదని అప్పుడు తోచలేదు. తర్వాత తోచింది.

కుల్చారం సడక్ మీదికే పోయాం. అప్పట్లో సడక్ పక్కన రెండు రకాల రాళ్లు ఉండేవి. కొత్తగా పాతిన కిలోమీటరు రాళ్లు కొన్ని, వాటి మధ్యలో వంగిపోయి గడ్డిలో కూరుకుపోయిన పాత మైలురాళ్లు కొన్ని. పాతవాటి మీద ఉర్దూ అంకెలు. నాకు అవి రావు. ఆయన దూరం నుంచే చదివేవాడు.

"పాత రాళ్లే పట్టుకుందం," అన్నాడు. "మీటరు మైళ్లది, రాయి గూడ మైళ్లదే ఉండాలె. ముప్పై మీద పోతే మైలుకు ఎంత టైము పడాలె అమ్మా?"

"రెండు నిమిషాలు."

"మంచిది. గీ మీటరు కింద ఇంకో లెక్క ఉన్నది చూడుండ్రి. ఎన్ని మైళ్లు నడిచిందో చెప్తది. మొదటి రాయి కాడ, ఆఖరి రాయి కాడ గా అంకెలు గూడ రాసుకోండ్రి."

ఎందుకో అడగకుండా చీటీ మీద రాసుకున్నాను. ఆయన వేగం పెంచి ముల్లును ముప్పై మీద నిలిపాడు. బండి రాయిని దాటగానే "గిది," అన్నాడు. నాడి చూసే అలవాటుతో నా చూపు సెకన్ల ముల్లు మీద నిలిచింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఎదురుగా ఖాళీ సడక్, రాయి జాడ లేదు. రెండు నిమిషాల పది. ఇరవై. ముప్పై.

"గిది," అన్నాడు.

రెండు నిమిషాల నలభై సెకన్లు.

నేనే తప్పు చూశాననుకున్నాను. మళ్లీ చేశాం. మొదటిదానితో కలిపి మూడు మైళ్లు వరుసగా చేశాం. ఒకసారి రెండు సెకన్లు అటు, ఒకసారి ఒక సెకను ఇటు. తర్వాత ముల్లు ఇరవై మీద పెట్టాడు. మైలుకు మూడు నిమిషాలు పట్టాలి. నాలుగు పట్టింది. చివరికి నలభై మీద. ఒకటిన్నర నిమిషం పట్టాలి. సరిగ్గా రెండు నిమిషాలు పట్టింది.

బండి ఆపమన్నాను. ఒక కల్వర్టు గోడ మీద కూర్చుని చీటీ వెనకవైపు లెక్క వేశాను. ముల్లు నలభై అన్నప్పుడు మేము పోయింది ముప్పై. ముప్పై అన్నప్పుడు ఇరవై రెండున్నర. నిండు చూలాలు వెనకుంటే నేను పెట్టిన ఇరవై ఐదు అసలుకు పంతొమ్మిది కూడా కాదు. ఆ మధ్యాహ్నం సడక్ మీద తొమ్మిది మైళ్లకు మాకు పట్టిన సమయం ఇరవై నాలుగు నిమిషాలు. నిజంగా ముప్పై మీద పోయి ఉంటే పద్దెనిమిది.

ఆరు నిమిషాలు. మట్టిదారి లెక్క వేరే.

డ్రైవర్ సాబ్ కొంచెం దూరం పోయి బీడీ ముట్టించుకున్నాడు. నేను చెప్పలేదా అనే చూపు ఆయన మొహంలో వెతికాను. ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. బీడీ అయిపోయాక వచ్చి, "ఎండ ఎక్కుతున్నది, పోదమా అమ్మా," అన్నాడు.

జీపును మోటారు మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాం. అతను చుట్టూ తిరిగి చక్రాల్ని కాలితో తన్ని చూశాడు. "కంట్రాక్టరు చిన్న టైర్లు ఏసిండమ్మా. చక్రం చిన్నదైతే ఎక్కువ చుట్లు తిరుగుతది, మీటరు ఎక్కువ చూపిస్తది. టైర్లు మార్చాలె," అన్నాడు. నాకు సబబుగానే తోచింది.

డ్రైవర్ సాబ్ ఒప్పుకోలేదు. "అమ్మా, చీటీ తియ్యండ్రి. మొదటి రాయి కాడ అంకెలెన్ని, ఆఖరి రాయి కాడ ఎన్ని?"

తీసివేసి చూశాను. రాళ్ల లెక్క ప్రకారం మేము నడిచింది ఐదు మైళ్లు. మీటరు కింది అంకెల ప్రకారం కూడా ఐదు మైళ్లే.

"చక్రం కాడికెళ్లి వచ్చే తీగ ఒక్కటే," అన్నాడు ఆయన. "అంకెలను తిప్పేది అదే, ముల్లును లేపేది అదే. టైరు చిన్నదైతే రెండూ తప్పాలె. తీగ ఖరాబైతే ముల్లు ఒకతాన నిలువకుండ ఎగరాలె. అంకెలు సీదా ఉన్నయి, ముల్లు నిలకడగ ఉన్నది. తప్పు మీటరు కడుపులనే ఉన్నది."

మిస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "అయితే కిలోమీటర్ల మీటరేమో," అన్నాడు. అదీ చూశాం. మీటరు మీద మైళ్లనే రాసి ఉంది. కిలోమీటర్లదే అయ్యుంటే తేడా ఇంకా ఎక్కువ రావాలి, అంకెలూ తప్పాలి. ఇదంతా ఆయన మనసులో ఎన్ని నెలల నుంచి ఉందో. నేను ఒక్కసారి వినిపించుకుని ఉంటే ఆ రోజే చెప్పేవాడు.

మీటరును ఊడదీసి గుడ్డలో చుట్టి బజారులో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి పోయాం. మనిషి పట్టేంత డబ్బా దుకాణం. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునే ముసలాయన. డ్రైవర్ సాబ్‌కు చిన్ననాటి దోస్తు. ఇద్దరూ ఉర్దూలో కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన నావైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"బండి నిలవడ్డప్పుడు ముల్లు సున్న మీదికి వస్తదా?"

"వస్తుంది."

"ఇరవై మీద ఎంత తప్పు?"

"ఐదు."

"నలభై మీద?"

"పది."

"మంచిది. ముల్లు పక్కకు జరిగితే అన్ని తాన్ల ఒకటే తప్పు ఉంటుండె. మీది స్పీడుతోని పెరుగుతున్నది. బాల్‌కమాని పని."

మూత తీశాడు. లోపలి మరమేకుల తలలు గీసుకుపోయి ఉన్నాయి. "ఎవరో ఎనుకట ఇప్పిండ్రు," అన్నాడు. నాకు చూపించాడు. తీగతో పాటు ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని మీద బోర్లించిన ఒక చిన్న గిన్నె. అయస్కాంతం తిరిగినకొద్దీ గిన్నెను లాగుతుంది, వెంట్రుక అంత సన్నటి కమాను, ఆయన బాల్‌కమాని అన్నది, దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ రెండింటి పెనుగులాటే ముల్లు. కమాను ఢీలా పడితే, అదే వేగానికి ముల్లు ఎక్కువ దూరం పోతుంది. చేతి గడియారంలో ఉండేలాంటి కమానే. ఎప్పుడో ఎవరో విప్పి, సాగదీసి, తిరిగి సరిగా బిగించకుండా పెట్టేశారు.

ఒక్కరోజులో కాలేదు. ఆయన బిగించేవాడు, మేము సడక్ మీద చూసేవాళ్లం. మొదటిసారి మరీ బిగుసుకుని ముల్లు తక్కువ చూపింది. రెండోసారి కొంచెం ఎక్కువ. మూడోసారి ముప్పై మీద మైలుకు రెండు నిమిషాల రెండు సెకన్లు పట్టింది. "ఇంతకన్న నాతోని కాదు," అన్నాడు. చాలన్నాం.

డ్రైవర్ సాబ్ తాళాలు తిరిగి తీసుకున్నాడు. నేను ఆయనతో, "తప్పు నాదే," అన్నాను. ఆయన, "మీటరుది," అన్నాడు. అంతటితో అయిపోవాల్సింది. నాకు అయిపోలేదు. అన్నం తింటుంటే, చేతులు కడుక్కుంటుంటే ఆ ఆరు నిమిషాలు వచ్చి నిలబడేవి. పెద్ద డాక్టరుతో చెప్పుకున్నాను. ఆయన, "తాడు జారిన బిడ్డలు దవఖానాలోనే పోతారమ్మా, పల్లెలో నువ్వేం చేస్తావు," అన్నాడు. అదీ నిజమే. అయినా ఆ పల్లెకు పోయి చెప్పాలనుకున్నాను.

"ఎందుకమ్మా," అన్నాడు డ్రైవర్ సాబ్. రెండుసార్లు అన్నాడు. తర్వాత బండి తీశాడు.

మక్కజొన్న కోతలయిపోయి వాకిట్లో కంకులు పోసి ఉన్నాయి. ఆమె గోడ నీడలో కూర్చుని గింజలు ఒలుస్తోంది. పెద్దపిల్ల, మూడేళ్లది, పక్కనే ఆడుకుంటోంది. రైతు మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చాడు. ముందు ఆమె ఆరోగ్యం అడిగాను, నాడి చూశాను. రక్తం లేక కళ్లు తెల్లగా ఉన్నాయి. మాత్రలు ఇచ్చాను. అప్పుడు వచ్చిన సంగతి చెప్పాను. ఆ రోజు మా బండి మీటరు తప్పు చూపించిందనీ, ముప్పై అనుకుని ఇరవై రెండు మీద వచ్చామనీ, లేకుంటే ఆరు నిమిషాలు ముందు చేరేవాళ్లమనీ చెప్పాను.

రైతు డ్రైవర్ సాబ్ వైపు చూశాడు. "నీకు ఎరుక లేదా? బండి నడిపేది నువ్వే గద."

డ్రైవర్ సాబ్ తలవంచుకుని నిలబడ్డాడు. నోరు విప్పడని నాకు అర్థమైంది.

"ఆయనకు తెలుసు," అన్నాను. "నాకు ఎప్పుడో చెప్పాడు. నేనే నమ్మలేదు. ఆ రోజు తొందరగా పోతుంటే తగ్గించమన్నదీ నేనే."

"నేను ఇన్న," అన్నాడు రైతు. "ఎనుక కూసోని ఇన్న. మీరు తగ్గియ్యమన్నరు. మా పానం మీద మీకు ఫికర్ ఉన్నదనుకున్న."

ఆమె చేతిలో కంకి పక్కన పెట్టి నన్ను అడిగింది.

"గా ఆరు నిమిషాలల్ల పిల్లగాడు బతుకుతుండెనా అమ్మా?"

దారి పొడుగునా ఈ ప్రశ్నకు జవాబులు తయారుచేసుకుంటూ వచ్చాను. వాటన్నిటినీ పక్కన పెట్టి ఉన్నదే చెప్పాను.

"బతికేవాడేమో. బతక్కపోయేవాడేమో. నాకు తెలియదమ్మా."

ఆమె తల ఊపింది. మళ్లీ కంకి అందుకుంది. రైతు లేచి తలకు గుడ్డ చుట్టుకున్నాడు. "గిది చెప్పనీకి గింత దూరం వచ్చిండ్రా," అన్నాడు. తిట్టినట్టు లేదు, మెచ్చుకున్నట్టూ లేదు. చేను వైపు నడిచిపోయాడు. మేము ఉన్నంతసేపూ తిరిగి రాలేదు.

వచ్చే దారిలో కుల్చారం దాటాక డ్రైవర్ సాబ్ అన్నాడు: "చెప్పకుంటెనే బాగుండేమో అమ్మా. దేవుడు తీస్కపోయిండనుకుని కూసున్నరు. ఇప్పుడు మనం తీస్కపోయినం అనుకుంటరు."

"అది నిజమే కదా."

ఆయన గేరు మార్చాడు.

"నాది గూడ ఉన్నది," అన్నాడు చివరికి. "మీరు తగ్గియ్యమంటే తగ్గించిన. ఎందుకు తగ్గించిన? కాలు నాదే గద. ఇననట్టు పోతే మీరు ఏం జేస్తుంటిరి, దూకుతుంటిరా? నా ముచ్చట ఇనలేదని మీ మీద గుస్స ఉండె. సరే, ముప్పై అంటే ముప్పై, చూద్దం అనుకున్న. గంతే."

ఇది నేను ఎదురుచూడలేదు. ఆయన వైపు తిరిగి ఏదో అనబోయాను. ఆయన సడక్ మీదినుంచి చూపు తిప్పలేదు. నేను ఆయన్ని ఓదార్చలేదు, ఆయన నన్ను ఓదార్చలేదు. అప్పుడు ఇద్దరికీ అంత శక్తి లేదు. దవఖానా ముందు బండి ఆగేసరికి వరండాలో ఇద్దరు ఆడవాళ్లు నొప్పులతో కూర్చుని ఉన్నారు. నేను చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయాను.

ఆయన ఇంకో రెండేళ్లు పనిచేశాడు. మోకాళ్లు పట్టేసి క్లచ్ తొక్కడం కష్టమయ్యాక మానుకున్నాడు. పోయేనాడు జీపు కింద దూరి ఏవో రెండు బోల్టులు బిగించి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆయన తర్వాత వచ్చిన డ్రైవరు పాతికేళ్లవాడు. మంచివాడే. వాడి పక్కన కూర్చున్న మొదటిరోజే నా కళ్లు మళ్లీ ముల్లు మీదికే పోయాయి. ఎల్దుర్తి మలుపులో అది ముప్పై ఐదు దాటింది. తగ్గించమని అనబోయి, ముందు వాణ్ని అడిగాను.

"ఎంత మీద పోతున్నావు?"

"ముప్పై ఐదు ఉంటదమ్మా," అన్నాడు మీటరు వైపు చూసి.

"మీటరు చూడకుండా చెప్పు."

వాడు నావైపు వింతగా చూసి నవ్వాడు. వాడికింకా తెలియదు. నేర్చుకోవడానికి వాడికి చాలా ఏళ్లు పడుతుంది, నాకా ఓపిక లేదు. "సరే, కాస్త నెమ్మదిగా పోనీ," అన్నాను.